చైత్రంలో తేలే నేల

కప్తాయ్ సరస్సులో నీళ్లు తీస్తే
మొదట బయటపడేది బురద.
తర్వాత ఏదో చెట్టు మొద్దు.
ఆ తర్వాత, మా నాను వేలు చూపించిన చోట,
ఎర్రటి ఇటుకలు, నాలుగు వరసలు.

"అదీ మన కియాంగ్," అంది అమ్మమ్మ.
ఎనభై నాలుగేళ్ల మనిషి
పినోన్ మోకాళ్లదాకా ఎగదోపి
నేను వద్దంటున్నా పడవ దిగింది.

బిఝు పండుగ ఇంకా ఐదు రోజులు.
సుబల్ మామ ఇంజను ఆపి బీడీ ముట్టించాడు.
ఇటుకల చుట్టూ అప్పుడే ఎవరో నాట్లు వేసేశారు.
మూడు నెలలే ఈ నేలకు ఆయుష్షు,
వానలొస్తే మళ్లీ మునక.
అయినా వేశారు.

ఆ ఏడు నీళ్లు అరుచుకుంటూ రాలేదట.
వరదలా వచ్చుంటే తిట్టుకునేవాళ్లం, అంటుంది నాను.
చెమ్మ గోడెక్కినంత మెల్లగా వచ్చాయి.
గడప తడిసింది. పొయ్యి ఆరింది.
కోళ్లు చూరెక్కాయి.
భంతే తాళపత్రాలు మూటగట్టాడు.
బుద్ధుడు మాత్రం సిమెంటు మనిషి,
పదిమంది మోకులేసి లాగినా కదల్లేదు.
"ఉండనీండి," అన్నాడట భంతే,
"ఆయనకు ఈత రాకపోయినా ఫర్వాలేదు, మీకు రావాలి."

రెండేళ్లకు సగం ఊరు తూర్పుకు నడిచింది,
అడవి దాటి, సరిహద్దు దాటి.
నాను చెల్లెలు చిజిబి కూడా, చంకలో నెలల పిల్లతో.
అవతలి దేశం వాళ్లకొక కార్డు ఇచ్చింది.
దాని మీద ఒక మాట: శరణార్థి.

రోజూ పొద్దున నాలిక మీద కరిగే మాటే కదా
శరణం.
దానికొక తోక తగిలించేసరికి
మనిషి బుద్ధుడి ముందు కాక
గుమాస్తా ముందు నిలబడ్డాడు.

"అంతా అనిత్యం," అన్నాడొకసారి కుర్ర భంతే, ఓదార్పుగా.
నాను కస్సుమంది.
"పండుటాకు రాలితే అనిత్యమను, ఒప్పుకుంటా.
నా మొగుడు పోతే అనిత్యమను, తల వంచుతా.
మా లోయను ముంచింది అనిత్యం కాదు నాయనా,
సంతకం."
అతను చాలాసేపు నేల చూశాడు.
తర్వాతెప్పుడూ ఆ మాటను
మా ఇంట్లో తొందరపడి వాడలేదు.

పున్నమి పున్నమికీ పంచశీలం తీసుకుంటుంది.
ఇవ్వనిది తీసుకోను, అని పలికేటప్పుడు
దూరాన ఆనకట్ట దీపాలవైపు ఒక చూపు.
ప్రాణం తీయనంటాడు సుబల్ మామ పొద్దున,
సాయంత్రం వల విసురుతాడు.
వల లాగుతుంటే పెదాలు కదులుతాయి,
క్షమాపణో, చేపల లెక్కో,
నేనడగలేదు.

ఇవాళ మోకాలిలోతు బురదలో
నాను చేతులు జోడించింది.
విగ్రహం లేదు.
పూడికలో ఉందో, ఎవరైనా ఎత్తుకుపోయారో.
నా ఫోన్ అడిగింది, చెల్లెలికి కలపమంది.
సిగ్నల్ రెండు గీతలు.
ఇద్దరు ముసలమ్మలు, నడుమ ఒక సరిహద్దు,
గొంతులు అరక్షణం ఎడంగా:
బుద్ధం శరణం. ధమ్మం. సంఘం.
దుతియంపి. తతియంపి.

"మూడుసార్లు ఎందుకు నానూ?"
"మొదటిసారి నోరు అంటుంది.
రెండోసారి చెవి వింటుంది.
మూడోసారి ఏమవుతుందో నాకింకా తెలీదు."

కాళ్లు కడుక్కుంటూ, నన్ను కాదు, నీళ్లనే చూస్తూ:
"గచ్ఛామి అంటే వెళ్తున్నాననే కదా.
చేరానని మేమెప్పుడూ అనలేదు.
ఇల్లే శరణు అనుకున్నా, మునిగింది.
ఆయన బొమ్మ అనుకున్నా, అదీ మునిగింది.
మునగనిది ఏదో ఒకటి
అప్పుడు మమ్మల్ని గుట్టెక్కించింది.
దాన్నేమంటారంటే
ఆ మూడు పేర్లే తెలుసు నాకు."

ఫోన్‌లో చిజిబి ఇంకా ఉంది.
మామిడి పిందెల గురించి,
ఇంకా రాని ఏదో కాగితం గురించి చెబుతోంది.
మామ ఇంజను తాడు లాగాడు, అంటుకోలేదు.
మళ్లీ లాగాడు.
మూడోసారికీ అంటుకోలేదు.
నవ్వి, తెడ్డు తీసి
నా చేతికిచ్చాడు.